టిప్పర్ ఎత్తకముందే టేపు తీయండి: మా దారికి తోలించిన గ్రావెల్, మెటల్, మట్టి సంగతి

మా ఇల్లు అంబాజీపేటకి దగ్గర్లో, కొబ్బరితోట మధ్యలో ఉంటుంది. రోడ్డు మీద నుంచి వరండా దాకా 45 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు దారి. వానాకాలం వస్తే ఆ 45 అడుగులు దాటడమే ఒక పని, కారు టైర్లు సగానికి దిగిపోయేవి, అమ్మ ఇటుకలు వరసగా పేర్చుకుని వాటి మీద అడుగేసుకుంటూ గేటు దాకా వెళ్లేది, ఒకసారి జారి చెయ్యి బెణికింది కూడా. దాంతో ఇక ఆగలేక దారికి గ్రావెల్, చెట్లు పెట్టుకునే చోటుకి మంచి మట్టి తోలించాం. మొదటిసారి డబ్బంతా బురదపాలైంది, రెండోసారి బాగా కుదిరింది. కోనసీమలోనో, పాలకొల్లు, భీమవరం వైపో ఇల్లు మెరక చేయించుకునే వాళ్లకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను. యార్డుల పేర్లు మాత్రం రాయను, ఎందుకంటే ఒకే యార్డు నుంచి వచ్చినా డ్రైవర్‌ని బట్టి, ఆ రోజు లోడుని బట్టి సరుకు మారిపోతోంది. పేరు చూసి నమ్మడం కన్నా లోడు చూసి నమ్మడం మంచిది.

మొదటి ఆర్డర్ కార్తీక మాసంలో, ఫోన్లో. "గ్రావెల్ నాలుగు ట్రక్కులు కావాలండీ" అన్నాను, "రేపు పొద్దున్నే పడిపోద్దండీ" అన్నారు అవతలి వాళ్లు. అంతే మాట్లాడుకున్నది. ఇక్కడే నా వైపు నుంచి రెండు తప్పులు జరిగాయి.

ఒకటి, గ్రావెల్ అనే మాట. గూగుల్‌లో ఆ మాట కొడితే తెల్లటి గులకరాళ్లు పరిచిన అందమైన దారులు కనిపిస్తాయి. మన దగ్గర గ్రావెల్ అంటే రాజానగరం, కోరుకొండ వైపు మెరక నేలల్లో తవ్వే ఎర్రమట్టీ చిన్నరాళ్లూ కలిసిన సరుకు. పునాదులు నింపడానికి, స్థలం మెరక చేయడానికి అది మంచిదే. దారికి పైపొరగా అదొక్కటే వేస్తే వానకి ఎర్ర బురద అవుతుంది, ఎండకి ఎర్ర దుమ్ము అవుతుంది. రాళ్లు కావాలంటే మెటల్ అని అడగాలి, లేదా చిప్స్ అనాలి, ఎన్ని ఎం.ఎం. అన్నది కూడా చెప్పాలి: 40, 20, 12. క్రషర్ నుంచి వచ్చే రాతిపొడి కావాలంటే డస్ట్ అనాలి. ఈ మాటలు సరిగ్గా చెప్పకపోతే వాళ్ల దగ్గర ఆ రోజు ఏది ఉంటే అది వస్తుంది, వాళ్లని అనడానికి కూడా ఉండదు.

రెండోది, ట్రక్కు అన్న లెక్క. మొదటి రెండు ట్రక్కులు నేను పళ్లు తోముకునేలోపే దించేసి వెళ్లిపోయారు. మూడోది వచ్చినప్పుడు ఎందుకో కుప్ప నడుమ గోపురంలా కనిపిస్తోంది, అంచుల దగ్గర మాత్రం తొట్టి రేకు చాలా వరకు ఖాళీగా ఉంది. డ్రైవర్‌ని ఆగమని, ఇంట్లోంచి మేస్త్రి వదిలేసి వెళ్లిన స్టీల్ టేపు తెచ్చి టైరు మీద కాలేసి ఎక్కాను. తొట్టి పొడవు 10 అడుగులు, వెడల్పు ఐదున్నర. రేకు ఎత్తు అడుగూ ముప్పావు. ఒక ఇనుప చువ్వ నాలుగు చోట్ల గుచ్చి చూస్తే నడుమ అడుగున్నర, అంచుల్లో అడుగు. సగటున అడుగుంపావు అనుకుంటే 10 ఇంటూ 5.5 ఇంటూ 1.25, అంటే సుమారు 69 క్యూబిక్ అడుగులు. రేకు అంచు దాకా సమంగా నింపితే 96 రావాలి. మనం మనసులో ట్రక్కు అంటే ఒక యూనిట్ అనుకుంటాం, యూనిట్ అంటే 100 క్యూబిక్ అడుగులు. "ఇది యూనిట్ లేదు కదా బాబాయ్" అంటే ఆయన కోపం లేకుండానే చెప్పాడు, "ట్రక్కంటే ట్రక్కేనండీ, యూనిట్ అని మీరెప్పుడన్నారండీ?" అని. నిజమే, నేను అనలేదు. నాలుగు ట్రక్కుల డబ్బులు కట్టి మూడు యూనిట్లు కూడా నిండని సరుకు దింపుకున్నాను.

ఆయన ఆ తర్వాత అన్న మాట ఒకటుంది, "ఎత్తేశాక కొలతెక్కడదండీ, కింద పడితే అన్నీ కుప్పలే" అని. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది అదొక్కటే, తొట్టి పైకి లేవక ముందే కొలుచుకోవాలి, చూసుకోవాలి, నచ్చకపోతే వెనక్కి పంపాలి. కింద పడ్డాక సరుకు మనది, గొడవ కూడా మనదే.

సరే, కొలత పోతే పోయింది, కనీసం దారైనా నిలబడుతుందనుకుంటే అదీ లేదు. మా నేల నల్లటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే అరచేయి పట్టేంత బీటలు తీస్తుంది. దాని మీద ఏ తయారీ లేకుండా నేరుగా గ్రావెల్ పోసి కర్రతో సర్దేశాం. సంక్రాంతికి చుట్టాల కార్లు నాలుగు తిరిగేసరికి చక్రాలు నడిచిన చోటల్లా గాడి పడింది, ఆ గాడిలో నీళ్లు నిలిచాయి, ఆ నీటికి అడుగు మట్టి మెత్తబడి రాళ్లన్నీ కిందికి దిగిపోయాయి, బంక పైకొచ్చింది. తవ్వి చూస్తే ఎర్ర గ్రావెల్ ఒక జానెడు లోతున నల్లమట్టిలో కలిసిపోయి ఉంది. పిల్లలు ఎర్ర కాళ్లతో ఇల్లంతా తిరగడం వేరే బాధ.

ఈసారి మే నెలలో మొదలుపెట్టాం. డెల్టాలో ఈ పనికి వేసవే సరైన కాలం, ఎందుకంటే దాళ్వా, అంటే రెండో పంట వరి, అయిపోయి ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు, ఊటలు తగ్గుతాయి, నేల గట్టిపడుతుంది, బరువు బండి లోపలికి వచ్చినా కూరుకుపోదు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోపు దారి పూర్తయిపోవాలని మేస్త్రి గారు మొదటిరోజే చెప్పారు. ఆయన చెప్పిన లెక్క చాలా తేలిక, ఎవరైనా వేసుకోవచ్చు. పొడవు ఇంటూ వెడల్పు అడుగుల్లో, దాన్ని మందం అంగుళాలతో హెచ్చించి 12తో భాగిస్తే క్యూబిక్ అడుగులు వస్తాయి, 100తో భాగిస్తే యూనిట్లు. మాకు 45 ఇంటూ 10 అంటే 450. అడుగున 40 ఎం.ఎం. మెటల్ 4 అంగుళాలు అంటే 150 క్యూబిక్ అడుగులు. కానీ రోలర్ కింద అణిగాక 4 అంగుళాలు మిగలాలంటే ఐదో వంతైనా ఎక్కువ తెప్పించాలి, గ్రావెల్‌కైతే నాలుగో వంతు. అందుకని మెటల్ 2 యూనిట్లు, దాని మీదికి గ్రావెల్, డస్ట్ కలిపి 2 యూనిట్లు, పైన 12 ఎం.ఎం. చిప్స్ ఒక యూనిట్ లోపు. ఈ అణిగే లెక్క తెలియకే చాలామంది సగం దారి వేశాక మళ్లీ ఒక్క ట్రక్కు కోసం ఫోన్ చేసి పూర్తి కిరాయి కట్టుకుంటారు.

కిరాయి గురించి ఒక మాట. మన డెల్టాలో ఎంత లోతు తవ్వినా బంకమట్టి, ఒండ్రు, ఇసుక, నీళ్లు, అంతే, రాయి దొరకదు. మా కోనసీమకైతే ప్రతి రాయీ మెరక నుంచి గోదావరి దాటి రావాల్సిందే. జొన్నాడ రావులపాలెం వంతెన మీదుగా రాజానగరం వైపు సరుకు, లేదా పడమర నుంచి సిద్ధాంతం వంతెన మీదుగా గౌరీపట్నం, పంగిడి వైపు నల్లరాయి. మా బిల్లులో రాయి ధర కన్నా కిరాయే ఎక్కువ. అందుకే రాయి దగ్గర కక్కుర్తి పడి మెత్తరకం తీసుకోవడం దండగ, ఏ రాయైనా అదే దూరం నుంచే వస్తుంది. నేను నల్లరాయే అడిగాను. పంగిడి, దుద్దుకూరు ప్రాంతంలో ఉన్నది దక్కన్ లావా పొరల తూర్పు కొస, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి రాయి, రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటుంది. మెత్తరాయి అయితే డొల్ల శబ్దం వస్తుంది, అంచులు గోటికే రాలతాయి, రెండు వానలకి మట్టైపోతుంది. చూడ్డానికి అందంగా ఉండే ఏటి గులకరాళ్లు కూడా దారికి వద్దు, అవి గుండ్రంగా ఉండడం వల్ల ఒకదాన్నొకటి పట్టుకోవు, చక్రం కింద దొర్లిపోతాయి. క్రషర్ రాయికి కోణాలుంటాయి కాబట్టి ఇరుక్కుని నిలబడుతుంది.

రెండో యార్డు వాళ్ల గురించి మనస్ఫూర్తిగా మంచి చెప్పాలి. ఫోన్ ఎత్తగానే ఎన్ని ట్రక్కులని అడగలేదు, "ఎంత పొడవు, ఎంత వెడల్పు, కింద ఏం నేలండీ" అని అడిగారు. మా రోడ్డు కాలువ గట్టు మీద ఉంటుందని చెబితే, దారిలో తూము ఎంత పాతదో ఫోటో పెట్టమన్నారు, అది చూసి పది టైర్ల టిప్పర్ వద్దు, ఆరు టైర్లది పంపుతామన్నారు. గేటు మీద కరెంటు తీగలు ఉన్నాయా అని కూడా అడిగారు. ఇది చాలా పెద్ద విషయం, తొట్టి పైకి లేచినప్పుడు తీగలకి తగిలితే ప్రాణాలే పోతాయి. మాకు గేటు దగ్గరే తీగలు వెళ్తాయి, అందుకని పది అడుగులు లోపలికొచ్చాక ఎత్తమని డ్రైవర్‌కి ముందే చెప్పి పంపారు.

మెటల్‌కి కాటా చీటీ ఇచ్చారు. బండి బరువు తీసేస్తే 8 టన్నుల 600 కిలోలు. పొడి మెటల్ క్యూబిక్ మీటర్‌కి దాదాపు టన్నున్నర తూగుతుంది, యూనిట్ అంటే 2.83 క్యూబిక్ మీటర్లు, కాబట్టి యూనిట్‌కి నాలుగుంపావు టన్నుల దాకా రావాలి, రెండు యూనిట్లకి ఎనిమిదిన్నర. సరిపోయింది. అయినా టేపు తీసుకుని ఎక్కాను, డ్రైవర్ తనే రెండో కొస పట్టుకున్నాడు. టన్నుల్లో కొనేటప్పుడు ఒక జాగ్రత్త, డస్ట్, గ్రావెల్ తడిగా ఉంటే నీళ్ల బరువుకి కూడా మనమే డబ్బు కడతాం. ఇసుకది ఇంకో తిరకాసు, తడి ఇసుక ఉబ్బుతుంది, కొలతలో ఐదో వంతు, అంతకన్నా ఎక్కువ కూడా పెరిగినట్టు కనిపిస్తుంది, అందుకని ఇసుకని కొలత మీద కొనేటప్పుడు తడిదైతే తగ్గించి లెక్కేసుకోవాలి. బిల్లు, రవాణా కాగితం అడిగి తీసుకుని దాచుకున్నాను, ఎక్కడ తవ్విన సరుకో తెలియకుండా మన ఇంట్లో దింపుకోకూడదు.

వీళ్ల మీద నాకున్న ఫిర్యాదులు రెండు. చెప్పిన రోజు కాకుండా మర్నాడు సాయంత్రం వచ్చారు, జేసీబీ కిరాయి ఒక రోజు వృథా అయింది. డ్రైవర్ బత్తా సంగతి ముందు చెప్పలేదు, దించాక అడిగారు. మీరు ఆర్డర్ పెట్టేటప్పుడే బత్తాతో కలిపి ఎంతో అడిగేయండి.

గ్రావెల్ లోడు వచ్చినప్పుడు పిడికెడు తీసి, తడిపి, గట్టిగా నొక్కి చూశాను. మంచి గ్రావెల్ ముద్ద కట్టాలి, కానీ చేతిలో రాళ్లు గుచ్చుకోవాలి. మెత్తగా పూరీపిండిలా సాగిపోతే అది మట్టే. అసలు ముద్దే కట్టకపోతే రోలర్ కింద పట్టుకోదు. పోయినేడాది వచ్చిందాన్ని ఇలా చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది, అది పిండిలాగే సాగింది.

ఇక పని జరిగిన తీరు. పాత సరుకూ నల్లమట్టీ కలిపి తొమ్మిది పది అంగుళాలు తీయించాం. నేల మీద నీళ్లు చల్లి రోలర్ తిప్పి, దాని మీద జియోటెక్స్‌టైల్ అనే గుడ్డ పరిచాం. ఇది చూడ్డానికి గొంగళిలా ఉంటుంది, నీళ్లని దిగనిస్తుంది, మట్టిని పైకి రానివ్వదు, రాయిని కిందికి పోనివ్వదు. మా దగ్గర నల్లనేలకి ఇదే ప్రాణం అని ఇప్పుడు అర్థమైంది. అతుకు దగ్గర ఒక అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయాలి. ఖర్చెందుకని టార్పాలిన్ వేస్తామంటారు కొందరు, అది నీటిని ఆపేస్తుంది, దారి అడుగున చెరువు తయారవుతుంది. మా బాబాయి వాళ్లు యూరియా సంచులు కుట్టి వేశారు, ఏడాది తిరక్కుండానే కుట్ల దగ్గర విడిపోయి బంక పైకొచ్చింది. దాని మీద మెటల్ పరిచి రోలర్, ఆ పైన గ్రావెల్, డస్ట్ కలిపి నీళ్లు పెట్టి మళ్లీ రోలర్, రోలర్ అందని గేటు మూలల్లో దిమ్మిస కొట్టారు. నడుమ అంగుళం పైచిలుకు ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా. రెండు అంచులకీ ఇటుక వరస కట్టించాం, లేకపోతే చిప్స్ అన్నీ తోటలోకి జారిపోతాయి. కొబ్బరిచెట్ల మొదళ్లకి ఆరడుగుల దూరం ఉండేలా దారిని కొంచెం వంపు తిప్పాం, చెట్టుకి పనిచేసే వేళ్లు ఎక్కువగా ఆ చుట్టే ఉంటాయి, అక్కడ రోలర్ తిప్పితే కాయ దిగుబడి మీద పడుతుందని నాన్న పట్టుబట్టారు.

మట్టి సంగతి దీనికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఇంటి ముందు మందారలు, క్రోటన్లు, కొంచెం లాన్ పెట్టుకుందామని లంక మట్టి, అంటే గోదావరి లంకల్లోని ఒండ్రుమట్టి, కావాలని ఒకాయనకి చెప్పాను. వచ్చింది బూడిదరంగు మట్టి, పొడిగా, మెత్తగా బాగానే కనిపించింది. పది రోజులకి ఎండిన చోటల్లా పైన తెల్లటి పొర, ఉప్పు పూసినట్టు. మందార ఆకులు కొసల నుంచి మాడడం మొదలైంది. అప్పుడు అనుమానం వచ్చి భూసార పరీక్షకి పంపితే లవణ సాంద్రత బాగా ఎక్కువని వచ్చింది, అది మీటరుకి ఒక డెసీసైమెన్ లోపు ఉంటే మొక్కలకి ఇబ్బంది లేదు, మాది దానికి చాలా పైన ఉంది. ఆరా తీస్తే అది లంక మట్టే కాదు, ఎక్కడో రొయ్యల చెరువు పూడిక తీసిన మట్టి. మన వైపు చెరువులు తవ్వినప్పుడల్లా ఈ మట్టి చవగ్గా దొరుకుతుంది, పల్లం నింపడానికి తోలేస్తుంటారు, మొక్కలకి మాత్రం అది విషమే. అమ్మ పెట్టిన పదిహేను మందారల్లో పదకొండు పోయాయి. ఆ మట్టి ఎత్తి బయటికి తోలడానికి రెండు రోజుల ట్రాక్టరు కిరాయి, దింపుకున్న ఖర్చు కన్నా తీయించిన ఖర్చు ఎక్కువ.

రెండోసారి మట్టికి నేనే వెళ్లాను. కుప్పలో పైది కాకుండా లోపలిది తవ్వించి ఒక గుప్పెడు సంచిలో తెచ్చుకుని, ఖాళీ నీళ్ల సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా గిలక్కొట్టి వంటింటి కిటికీలో పెట్టాను. నిమిషంలోపే ఇసుక అడుక్కి చేరింది, దాని మీద కొన్ని గంటల్లో మెత్తని ఒండ్రు పొర కట్టింది, బంక మాత్రం మర్నాటి దాకా నీళ్లలో తేలుతూనే ఉంది. సీసా పక్కన స్కేలు పెట్టి చూస్తే మూడు పొరలూ తెలుస్తాయి, సగం కన్నా ఎక్కువ బంక ఉంటే మొక్కల వేళ్లకి గాలి ఆడదు. అదే మట్టిలో ఇంకో గుప్పెడు భూసార పరీక్షకిచ్చి, ఫలితం వచ్చాకే ఆర్డర్ పెట్టాను. వారం ఆలస్యమైంది, అయినా సరే.

నిజమైన లంక మట్టి వచ్చినా ఒక చిక్కుంది, తుంగ గడ్డలు. చిటికెన వేలి గోరంత నల్ల గడ్డ ఒక్కటి ఉన్నా చాలు, రెండు నెలల్లో లాన్ అంతా తుంగే. అందుకని జల్లెడ పట్టించి, తడిపి, పదిహేను రోజులు అలాగే వదిలేసి, మొలిచిన తుంగని గడ్డతో సహా పీకించాకే మొక్కలు పెట్టాం. కడియం నర్సరీల్లో అడిగితే ఎర్రమట్టి, కొంచెం ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపమన్నారు, అలాగే కలిపాం. ఎరువు పచ్చిదైతే వేడికి వేళ్లు మాడతాయి, చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, మట్టి వాసన రావాలి. కొబ్బరి పొట్టు మా ఊరిలో ఎటు చూసినా గుట్టలే, కానీ పచ్చి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి పిండాకే వాడాం. ఒకసారి ఉప్పు దెబ్బ తిన్నాక ఈ జాగ్రత్త దానంతట అదే వచ్చింది.

దారి మీద ఇప్పటికి ఒక వానాకాలం దాటింది. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు రోజూ పొద్దున్న గొడుగేసుకుని వెళ్లి చూశాను, నీళ్లు రెండు పక్కలకీ జారి బోదెలోకి పోతున్నాయి, ఎక్కడా నిలవలేదు. గేటు దగ్గర కారు తిరిగే మలుపులో మాత్రం చిప్స్ రెండు వేళ్ల లోతు చెదిరాయి. మేస్త్రి గారు అది మామూలేనని, ఏడాదికోసారి పైన కొంచెం చల్లుకోవాలని ముందే చెప్పారు. అందుకే మిగిలిన చిప్స్ పాక పక్కన పోసి ఉంచాం, వచ్చే వేసవికి ఆ మలుపుకి సరిపోతాయి. ఇటుకలు అమ్మ తులసికోట చుట్టూ పేర్చుకుంది.